మీగడ కన్నా పల్చన

కల్యావ్ రేవులో ఇంకా చీకటే.
అదెరితు పడవని ఇసక మీంచి దించాడు
మొరాయించే ఎద్దుని తోలినట్టు,
కాసేపు తిడుతూ, కాసేపు బుజ్జగిస్తూ.
నా ఒళ్లో గాజు పలక, రబ్బరు బద్ద,
ఆసిడ్‌తో కడిగిన సీసాలు పన్నెండు.

"ఇవాళ ఏం పడతావ్ ఇవానిల్దా?"
"తోలు" అన్నాను. "సముద్రం తోలు."
ముప్పై ఏళ్లుగా ట్యూనా పడుతున్న మనిషి,
నవ్వలేదు.
"దానికి ఏ గాలం?" అన్నాడంతే.

పాల మీద మీగడ కట్టినట్టే
నీళ్ల మీదా ఒకటి కడుతుంది.
వెంట్రుకని నిలువునా చీలిస్తే వచ్చేంత మందం.
నాచు చెమట, చేపల జిడ్డు,
చచ్చినవాటి చివరి నూనె,
తూర్పు గాలి మోసుకొచ్చిన ఎడారి పొడి.
పైనున్న గాలి కిందికి దిగాలన్నా
కిందున్నది పైకి రావాలన్నా
ఈ గడప తొక్కాల్సిందే.

పలకని నిటారుగా ముంచాలి.
పైకి తీసేటప్పుడు తొందర పనికిరాదు,
నిద్రపోయిన పిల్ల తల కింద నుంచి
చెయ్యి లాక్కున్నంత నెమ్మది.
రెండు వైపులా గీకితే చెంచాడు.
సీసా నిండాలంటే నూరు ముంపులు.
అరవై దగ్గర నాకు లెక్క తప్పింది.
"అరవై రెండు" అన్నాడు అదెరితు,
తెడ్డు మీంచి కళ్లెత్తకుండా.

కాసేపటికి అతనే చూపించాడు.
చుట్టూ నీళ్లు గరుకుగా వణుకుతుంటే
నడుమ ఇస్త్రీ పెట్టినట్టు ఒక పట్టీ.
"మా నాన్న దీన్ని కునుకు అనేవాడు.
సముద్రం కునికిన చోట
కింద ఎవరో భోంచేస్తున్నట్టు."
మా పాఠాల్లో దానికి పొడుగాటి పేరుంది.
ఆ పూట గుర్తుకు రాలేదు.

కునుకు మీద తెల్లటి గిన్నె బోర్లించాం.
గిన్నె కడుపులో గాలి,
గాలికి గొట్టం, గొట్టం కొసన పెట్టె.
నాలుగు వందల పంతొమ్మిది.
నాలుగు వందల పంతొమ్మిది.
చాలాసేపు పంతొమ్మిదే.
తర్వాత ఇరవై.
సముద్రం ఇస్తోంది,
పిసినారి చిల్లర లెక్కపెట్టినట్టు ఇస్తోంది.
అదే సమయంలో కొండకొమ్మున మా స్తంభం
సెకనుకి ఇరవై సార్లు గాలిని అడుగుతోంది,
పైకా? కిందికా? ఏం మోస్తున్నావ్?

ఇక బయటి గాలి పట్టాలి, సీసాలో.
అదెరితుకి ముందే చెప్పాను.
గాలికి ఎదురుగా కూర్చోవాలి,
మూత తీసిన దగ్గర్నుంచి ఊపిరి బిగపట్టాలి.
మనం వదిలే ఊపిరి ఈ గాలి కన్నా
వంద రెట్లు చిక్కన.
కొలిచేవాళ్లు కొలతలో పడకూడదు.

బుగ్గలు పూరించి కూర్చున్నాం ఇద్దరం
రేవులో దూకబోయే పిల్లల్లా.
మూత తీశాను. ఒకటి. రెండు. మూడు.
నాలుగు అనేలోపు
ఎక్కడిదో ఎగిరే చేప
టప్పున వచ్చి అతని ఒళ్లో పడింది.
రెక్కలు విప్పి, ఎవరిల్లో తెలియక,
మర్యాదగా.
అదెరితు నవ్వాడు.
ముప్పై ఏళ్లలో గాలం లేకుండా
చేపే వచ్చి కూర్చోవడం ఇదే మొదటిసారట.
పడవంతా నవ్వాడు. సీసా నోట్లోకి నవ్వాడు.

నలభై ఒకటో సీసా.
పుస్తకంలో "చెడినది" అని రాశాను.
పారబోయాలి.
పారబోయలేదు.

మిందేలోలో రాత్రి, ఎవరూ లేనప్పుడు
దాన్నీ యంత్రానికి పట్టాను.
ఆరు వందల డెబ్బై రెండు.
ఏ పట్టికలోనూ దానికి గడి లేదు.
మార్జిన్‌లో, పెన్సిల్‌తో.

మర్నాడు వెళ్లేసరికి అతను వల కుడుతున్నాడు.
"ఎంత ఇచ్చింది మరి?"
చెప్పాను.
"ఎక్కువా? తక్కువా?"
తెలీదన్నాను. ఇంకో నూరు రోజులు ముంచితే
తప్పు ఎంతుందో అయినా తెలుస్తుందన్నాను.
అతను తూర్పుకి చూశాడు.
కొండల మీద ఆకాశం పచ్చబారుతోంది, దుమ్ముతో.
"ఇవాళ వద్దు" అన్నాడు.
"ఇవాళ అది తోలు మార్చుకుంటుంది."

గాజు పలక ఎండలో ఆరుతోంది.
తుడిచినా పోని ఉప్పు గీత ఒకటి,
అడ్డంగా,
నిన్న ఎంత లోతు ముంచానో అక్కడ.