డబ్బా మూత మీది ఊరు

మా దాలమ్మత్త దగ్గర ఒక ఊరుండేది,
బిస్కట్ల డబ్బా మూత మీద.

వాల్తేరులో మిషన్ ఆసుపత్రి దొరసాని నర్సింట్లో
పదకొండేళ్ళు అంట్లు తోమింది.
ఆవిడ ఓడెక్కిన రోజున
ఆఖరి నెల జీతంలో సగమూ, ఆ డబ్బా
చేతికొచ్చాయి.
లోపల సూదులు, గుండీలు, రేషన్ కార్డు.
పైన ఇంగ్లండు.

గడ్డి కప్పిన నాలుగిళ్ళు,
సూదిమొనలాంటి చర్చి శిఖరం,
రాళ్ళు పేర్చిన గోడల మధ్య పచ్చటి మెట్టలు,
ఒక బుల్లి వంతెన, దాని కింద గెడ్డ,
గెడ్డలో మూడు బాతులు,
ఎవరో వెయ్యడం మరిచిపోయిన చెక్క గేటు.
మనుషులు లేరు.
అడుగున తిప్పి చూస్తే ఊరు పేరు కూడా లేదు,
బిస్కట్ల బరువు మాత్రం ఉంది.

మాది భీమిలి దారిలో, ఎర్రమట్టి దిబ్బలకు ఇవతల,
జీడితోటకీ సరుగుడు తోపుకీ మధ్య
ముప్పై గడపల ఊరు.
మా గెడ్డ వానాకాలం నాలుగు నెలలే గెడ్డ.
తక్కిన రోజుల్లో ఇసకలో మేకల కాళ్ళ అచ్చులు.

నాకు జ్వరమొస్తే మూత తెచ్చి ఒళ్ళో పెట్టేది.
"సూడు గుంటా, ఈ ఊర్ల నుయ్యి నేదు.
నీల్లకి ఎక్కడికెల్తన్నారో.
గొట్టంలోంచి పొగొస్తంది,
పొయ్యి ముట్టించిన మనిసేదీ?
దండెం మీద ఒక్క సీరైనా నేదు.
ఆడోల్లు నేని ఊరేటే ఇది?"

అడిగి అడిగి, తనే ఆ ఇళ్ళు పంచేది.
మొదటిది నూకయ్యమ్మ పిన్నికి, ఆమె ఇల్లు కురుస్తుందని.
రెండోది చోళ్ళు విసిరే ఎర్రయ్యమ్మకి.
చర్చి పక్కది, పడవ పోగొట్టుకుని
ఎవరితోనూ మాట్లాడని గురప్పడికి.
నాలుగోదో అంటే
"తాలమేసుంది" అనేది.
ఎందుకో చెప్పలేదు. నేనూ రెండోసారి అడగలేదు.
రాళ్ళ గోడల్ని చూసి మాత్రం పగలబడి నవ్వేది:
"ఈపాటి ఎత్తేటి! మన మేకల్ని ఎరగరు ఈల్లు."

నా వేలు వంతెన దాటి, గేటులోంచి దూరి,
మెట్ట వెనక్కి వెళ్ళబోయేది.
అక్కడ రేకు మడత.
వేలు జారి అత్త మోకాలి మీద పడేది.
ఆ మెట్ట వెనక సముద్రం ఉంటుందనుకున్నాను చాన్నాళ్ళు,
మా దిబ్బల వెనక ఉన్నట్టే.

ఉప్పుగాలి ఎవరినీ అడిగి లోపలికి రాదు.
మొదట ఆకాశం మూల
గోరింటాకు చుక్కంత ఎరుపు.
తర్వాత శిఖరం, ఆ తర్వాత రెండు బాతులు.
తుపాను రాత్రి అత్త డబ్బాని నెత్తిన పెట్టుకుని
మోకాలి లోతు నీళ్ళలో బడి దాకా నడిచింది.
తెల్లారి చూస్తే
మూత మీది మెట్టలన్నీ మా దిబ్బల రంగు.
"ఇప్పుడు మనూర్లాగుంది," అంది.
మెచ్చుకుందో, వెక్కిరించిందో.

జీడితోట కొట్టేసిన ఏడు
నలభై అడుగుల రోడ్డు పడింది. తెల్ల రాళ్ళు పాతారు.
రోడ్డు మొదట కమాను, పక్కనే ఇంతెత్తు హోర్డింగు:
'కంట్రీసైడ్ విల్లాస్'.
దాని మీద వాలు కప్పుల ఇళ్ళు, రాళ్ళ గోడలు,
నిండా నీళ్ళతో గెడ్డ, బాతులు.
ఎక్కడా మనుషులు లేరు.

అత్త ఎండలో చాలాసేపు నిలబడింది,
నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.
"నుయ్యేదే?" అంది ఒక్కసారి.
నూకయ్యమ్మ పిన్ని పొలం సరిగ్గా ఆ బాతుల కిందే ఉండేది.
ఈసారి అత్త ఇళ్ళు పంచలేదు.

డబ్బా ఇప్పుడు మద్దిలపాలెంలో, నా కుట్టుమిషను పక్కన.
మూత మీద గేటు సగం మిగిలింది,
ఒక బాతు, ఆ నాలుగో ఇంటి కిటికీ.
గోటితో తుప్పు గీకి చూద్దామని
రెండు మూడుసార్లు అనుకున్నాను.
గీకితే ఆ కిటికీ కూడా ఊడొస్తుంది.

గుండీలు మాత్రం వాడుతున్నాను.