నెత్తిమీద గీత

నేను కరెంటు మీటర్లు చూసేటోన్ని.
యాకుత్‌పురా గల్లీలల్ల రోజుకు నూటయాభై ఇండ్లు.
డబ్బా మూత తీస్తే సగం ఇండ్లల్ల
బల్లి గుడ్లుంటయి, రెండే రెండు,
గోడకు కరుచుకొని, చింతగింజంత.
పెట్టినప్పుడు మెత్తగుంటయట. గాలి తగిలినంక
సున్నం లెక్క బిగుసుకుంటయి.
ఇగ బయటి నుంచి చుక్క నీళ్ళు అడగవు.
తల్లి మూటగట్టిచ్చిన తేమే
పిల్ల బయటపడేదాక సద్ది.
మే ఎండకు డబ్బా పెనమై కాలుతుంటె
లోపల ఎవరో పొదుపుగ బతుకుతుంటరు.

పాము గుడ్డు అట్ల గాదు.

పుప్పాలగూడల బండలు పగలగొడుతున్న జాగ.
ప్రొక్లెయిన్ నడిపే లఖన్ బకెట్ గాలిల ఆపి
నాకు ఫోన్ కొట్టిండు.
జెర్రిపోతు గుడ్లు, తొమ్మిది,
తల్లి లేదు, చుట్టూ డీజిల్ వాసన.
వేలు పెడితే తడిసిన డప్పు తోలు.
పైన సున్నపు పొర, నూగంత పలచన.
దాని కింద దారాల అల్లిక.
ఆ సందులల్లకెల్లి గాలి పోతది,
నేల చెమ్మ పోతది.
పెంకంటే మూసిన తలుపు అనుకున్న ఇన్నేండ్లు.
ఇది గోనెపట్టా పరదా.

మూడేండ్ల కింద ఇట్లనే ఆరు దొరికినయి.
మట్టి ఉన్నదని నల్లా కింద కడిగిన.
అటు తిప్పి ఇటు తిప్పి తుడిచిన,
దుకాణంల ట్రే లెక్క ముద్దుగ పేర్చిన.
ఆరూ చచ్చినయి.
జూల పనిచేసే హుమేరా మేడం అప్పుడు చెప్పింది:
కోడి తన గుడ్డును పొర్లిస్తది, పాము పొర్లియ్యది.
లోపలి పిండం పెంకు పైకప్పుకు అతుక్కుంటది,
తలకిందులు చేస్తే
తన సొనలనే తాను మునుగుతది.
అంతే చెప్పింది. తిట్టలేదు.
తిడితె బాగుండు.

ఈసారి చెవి మీది పెన్సిల్ తీసి
గుడ్డు గుడ్డుకు నెత్తిమీద చిన్న గీత.
గీత ఆకాశం దిక్కే ఉండాలె అనుకుంట
బోరబండ దాక ఇరవై స్పీడుల వచ్చిన.
వెనకనుంచి హారన్లు కొట్టినోళ్ళందరికి మాఫీ.

మాది ఒకటే అర్ర.
డబ్బాల తడిపిన కొబ్బరిపీచు, మూతకు నాలుగు బొక్కలు.
సువర్చల రెండు దినాలు నాతోని మాట్లాడలే.
మూడోనాడు తనే పీచును పిడికిట్ల పిసికి
"నీళ్ళు కారద్దు. పాలకూర కట్టల మీద
తడిబట్ట కప్పినంత చాలు" అన్నది.
ఆకుకూరలు అమ్మే మనిషి,
తడి లెక్క నాకంటె ఎక్కువ తెలుసు.

తన కాంటా మీద ఒకటి తూచింది, గీత చెదరకుండ.
మొదటిసారి పద్నాలుగు గ్రాములు.
నెలకు పద్దెనిమిది.
"గుడ్డు గుడ్డు లెక్కనే ఉండి బరువెక్కుడేంది?"
కోడిగుడ్డు దినదినం తేలికైతది.
ఇది పక్కనున్న తడిని తాగి ఉబ్బుతది.
ఒకనాడు మేం ఊరికి పోయొస్తే పీచు ఎండి
నాలుగింటికి లొట్టలు పడ్డయి,
పండ్లూడిన ముసలామె బుగ్గల తీరు.
గుడ్ల మీద గాదు, పక్కన పీచు మీద నీళ్ళు చల్లి
రాత్రంత కూసున్నది. రెండోనాటికి బుగ్గలు నిండినయి.
ఆ నెల నేను మూడిండ్లకు తప్పు రీడింగ్ రాసిన.

అరవై రెండో రాత్రి, వాన, కరెంటు లేదు.
ఫోన్ వెలుగుల చూస్తే
తోలు మీద బ్లేడు పెట్టినట్టు ఒక కోత,
కోతలకెల్లి ముక్కు.
ఆ ముక్కు కొసకు ఒక పన్ను ఉంటది,
ఈ ఒక్క పనికి మొలిచి రాలిపోయే పన్ను.
పెంకుల సున్నం కొంత
అప్పటికే దాని ఎముకలల్ల చేరి ఉంటదట.
తల బయటపెట్టి చానాసేపు కదలలే.
మేం కూడ కదలలే.

ఏడు వచ్చినయి.
రెండు రాలే. వాటి గీతలు కూడ
సక్కగ ఆకాశం దిక్కే ఉన్నయి.
ఎందుకని మేడంను అడిగితె తెల్వదన్నది.

పిల్లలను చెరువు గట్టు పొదలల్ల ఇడిచి వచ్చేసరికి
సువర్చల ఒక ఖాళీ పెంకును కాంటా మీద పెట్టింది.
సున్నా చూపించింది.
తీసి, పళ్ళెం తుడిచి,
మళ్ళ పెట్టింది.