ఎడమచేతి పని

ప్రెరోవ్‌లో మంచు. రేకుల హాలులో ట్యూబులైట్లు జుమ్మంటున్నాయి.
బొహుమిలా నా రాకెట్ లాక్కుని బెంచీ కింద పెట్టేసింది.
"బలం నీకు ఎక్కువే. కాసేపు అక్కడ పడుకోనీ."

వారం రోజులుగా
ఎడమచేత్తో బంతిని పైకి వదలడమే నా సర్వీసు.
బూటు ముందు ఒక బకెట్టు.
అందులో పడితే సరే,
లేదంటే వంగి ఏరుకోవాలి.
నిన్న నూటికి పదకొండు.

ఇవాళ రాకెట్ చేతికిచ్చింది.
"చేతులకు పిండంటినప్పుడు గడియ తీస్తావే,
అంత వదులుగా పట్టుకో."

మోకాలు వంగింది. నేల నన్ను నెట్టింది.
నడుము తిరిగాక భుజం కదిలింది,
మణికట్టు అందరికన్నా చివర.

చప్పుడైతే వినిపించింది గాని
నేను కొట్టినట్టే లేదు.
అవతల నేల తుడుస్తున్న ఓటకర్
బంతిని వెతకడం మాని
నావైపు చూశాడు.

బొహుమిలా ఏమీ అనలేదు.
బకెట్టును కాలితో
మళ్లీ నా ముందుకు జరిపింది.