తప్పు వరుస

ముప్పై ఏండ్లు ఎనుమాముల యార్డులో
కాంటా ముల్లు మీద కన్నేసి బతికినోణ్ని.
పొద్దుగూకితే మట్టెవాడ లైబ్రరీ,
ఎడమ దిక్కు మూడో బీరువా.
అందులో హత్యలు.
ఒకటి తిరిగిచ్చుడు, ఒకటి తెచ్చుకునుడు.
ఎవడు చంపిండో ఇరవయ్యో పేజీలనే తెలిసిపోయేది,
అయినా చివరిదాక పోయేటోణ్ని.
అలవాటైన తొవ్వ
కండ్లు మూసుకున్నా నడువచ్చు గద.

మిగతా బీరువాలు నాకు
మంది ఇండ్లు.
తలుపు తీసున్నా తొంగిచూడలే.

ఆ వానకాలం
రాత్రికి రాత్రి నాలా పొంగి
మోకాలెత్తు నీళ్లు లోపలికొచ్చినయ్.
తెల్లారి జుబేదా మేడం కొంగు నడుముకు చెక్కి
నీళ్లోడుతున్న పుస్తకాలు మోస్తున్నది.
"నిలబడి చూస్తవేందన్నా, పట్టు!"

డాబా మీద పరిచినం,
కల్లంల మిర్చి ఆరబోసినట్టు,
ఏ బీరువాదో ఏ వరుసదో తెలువకుండ.
కైతల పక్కన చీమల శాస్త్రం,
దాని మీదికి ఒరిగి ఏదో వంటల పుస్తకం.
నా హంతకుడు అట్ట ఊడి బోర్లపడ్డడు.

తడి పుస్తకం ఊకెనే ఆరదు.
పేజీ పేజీ విడదీయాలె,
లేకుంటే అతుక్కొని ఇటుకైతది.
విడదీస్తుంటే కండ్లు ఊకుంటయా?

ఏటూరునాగారం దిక్కు కోయ ఆడామె ఒకరు
తన అవ్వ చీకటితోనే లేచి
ఇప్పపూలు ఏరిన పొద్దు గురించి రాసింది.
ఆ చీకట్ల ఎవరూ చావలే,
అయినా నా ఊపిరి ఆగింది.
కండ్లు తుడుచుకున్న.
మేడం చూస్తే, వేళ్లకు కారమున్నదన్న.

ఉర్దూ నుంచి తెలుగుకొచ్చిన ఒక చిన్న కైత,
మూడు పంక్తులే మిగిలినయ్,
నాలుగోది సిరా కారిపోయింది.
ఇయ్యాల్టికీ రోజుకో తీరుగ
దాన్ని నేనే పూర్తిచేసుకుంటున్న.

చీమల శాస్త్రమైతే ఇంటికే పట్టుకపోయిన.
మా ఆమె చక్కెర డబ్బా దులుపుతుంటె
"ఆగు, అవి ఒకదానికొకటి ఏం చెప్పుకుంటున్నయో చూడు" అన్న.
ఆమె దగ్గరికొచ్చి
జరమొచ్చిందేమోనని నుదురు ముట్టింది.

అన్నీ నచ్చలే. అబద్ధమెందుకు.
ఒక లావు తత్వం పుస్తకం,
పదకొండో పేజీ దాటుడు నాతోని కాలే.
దాన్ని మాత్రం అన్నిటికన్న బాగ ఆరబెట్టిన,
ఎవరి కోసం కాసుక్కూసున్నదో.

యార్డుల కొత్త పిలగాండ్లు అంటరు,
"కాకా, మిర్చంటే తేజనే గద?"
చపాటా ఒకటి చేతుల పెడ్త.
లావుగ, ఎర్రగ. కొరికితే కారం తక్కువ.
"ఇదేం మిర్చి?" అని ఉమ్మేస్తరు.
కూర రంగెక్కినంక మళ్ల అడుగుమంట.

నాలుగు వారాలకు బీరువాలు సర్దినం.
మేడం చీటీలు అంటిస్తుంటె
నేను కొన్నిటిని
కావాలనే తప్పు వరుసల పెట్టిన.
ఎడమ దిక్కు మూడో బీరువాల
హత్య కోసం మీరు చెయ్యి పెడితే
ఇప్పపూలు తగులుతయ్.
వాసన చూడుండ్రి,
ఇంక జర తడున్నది.