పొట్టు ఎగిరిన దారి

కాశీబుగ్గలో మా జీడిపప్పు షెడ్డుకి
నాలుగు కిటికీలు. నాలుగూ మూసే ఉంటాయి.
గాలి తగిలితే పప్పు మెత్తబడుతుందని షావుకారి భయం.
ఫ్యాన్లున్నాయి, వెయ్యం.
వేస్తే పొట్టు లేచి కళ్లల్లో పడుతుంది.

నా పని కాటా దగ్గర.
నలభైమంది ఆడోళ్లు
ఎవరెన్ని కిలోలు వొలిచారో రాసుకోవడం.

సోమవారం హేమంతి ఎనిమిది కిలోలు.
మంగళవారం ఐదు. మధ్యమధ్యన కొంగు నోటికడ్డం.
"ఏటయ్యిందే?" అన్నాను.
"మంచు పడిందప్పా, గొంతు గీసుకుపోతంది."

గురువారం పక్కపీట రూపవతి నాలుగున్నర.
సరే, ఒకే డబ్బాలో చద్దన్నం తిన్నారు కదా అనుకున్నాం.

శనివారం దాలమ్మ మూడు.

దాలమ్మ కూర్చునేది ఆ చివర, గోనెల వెనక.
హేమంతికీ ఆమెకీ మాటల్లేవు.
చీటీ డబ్బుల గొడవ, రెండేళ్లయింది.
ఒకరు ముట్టిన గ్లాసు ఇంకొకరు ముట్టరు.
ఒకరు నడిచిన వారన ఇంకొకరు నడవరు.
మరి ఎలా వెళ్లింది?

రాత్రి పుస్తకం ముందేసుకు కూర్చున్నాను.
గుర్తొచ్చింది అగరొత్తి.
పొద్దున్న షావుకారు గుమ్మం దగ్గర వెలిగిస్తాడు,
అది ఆరిపోయిన ఎంతసేపటికో
గోనెల వెనక వాసనేస్తుంది,
మధ్యాన్నం దాకా అక్కడే మూలుగుతుంది.

మాటలు ఆగిపోయిన చోట కూడా
ఊపిరి ఇచ్చిపుచ్చుకోవడం ఆగలేదన్నమాట.

మళ్లీ సోమవారం పదకొండు పేర్ల ఎదురుగా సున్నాలు.
మంగళవారం ఎవర్నీ అడగలేదు.
తుప్పు పట్టిన కొక్కెం రాయితో కొట్టి
తూర్పు కిటికీ తీసీశాను,
దానికెదురుగా పడమటిదీ.
అక్కుపల్లి వైపునుంచి ఉప్పుగాలి
ఒక్క ఊపున లోపలికొచ్చింది.

పొట్టు లేచింది.
ఎర్రగా, పలచగా, వేలకి వేలు.
హేమంతి పీట దగ్గర లేచి
రూపవతి జడ దాటి
గోనెల మీదుగా వెళ్లి
దాలమ్మ నెత్తి మీద వాలింది.
పనాపేసి అందరం చూశాం,
ఇన్నాళ్లూ కనబడకుండా నడిచిన దారిని.
మిగిలిన పొట్టు పడమటి కిటికీలోంచి
రైలుకట్ట వైపు పోయింది.

షావుకారు అరిచాడు.
మెత్తబడిన ప్రతి కిలోకీ కూలిలో కోస్తానన్నాడు.
దాలమ్మ దగ్గు ఆపుకుని, తల దులుపుకుని,
హేమంతి వైపు మాత్రం చూడకుండా అంది:
"తీసే ఉంచు గుంటా.
పప్పు మెత్తబడితే మళ్లీ ఏపుకోవచ్చు."

గురువారం నాకూ వొచ్చింది.
కాటా దగ్గరి మనిషికి
పుస్తకంలో గడి ఉండదు.