జుంబర్ కాటా

ద్రాక్ష కోతలప్పుడు
జుంబర్ కాటా అబద్ధం చెబుతుంది.
బుట్టకి రెండు కిలోలు.
అలజాని లోయలో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు.
"మంచుకి స్ప్రింగు పట్టేసిందమ్మా" అంటాడు,
సెప్టెంబరు ఎండలో చెమట తుడుచుకుంటూ.

అయినా మా ఓటియా నలభయ్యో రోజున
తమదా కుర్చీలో అతన్నే కూర్చోబెట్టాం.
పోయినవాడి పేరున గ్లాసెత్తి
బల్ల చుట్టూ ఉన్న అందరి తరఫునా మాట్లాడాలంటే
మా ఊళ్ళో ఇంకెవరికుంది నోరు?

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
నోరు మంచిదైతే మనిషి మంచివాడని
ఎవరూ అనగా నేను వినలేదు.

ముందు వాజా లేచాడు.
గొంబోరి కనుమ మీద, ఆ రాత్రి,
మోకాటి లోతు మంచులో
ఓటియాని ఆస్పత్రికి తోలుకెళ్ళింది అతనే.
చక్రాలు కూరుకుపోతే చేతుల్తో తవ్విందీ అతనే.
"ఓటియా... ఓటియా అంటే..." అన్నాడు.
గోడ గడియారం వంక చూశాడు.
బల్ల అవతల ఎవరో ఉప్పు అడిగారు.
కూర్చున్నాడు.

అప్పుడు జుంబర్.
లేవడానికే ఒక నిమిషం తీసుకున్నాడు.
ఆ రాత్రి నేను మొదట కొట్టింది ఇతని తలుపే.
ఇతని జీపుకి కొత్త టైర్లు.
లోపల దీపం వెలిగింది,
మళ్ళీ ఆరిపోయింది.

ఆ మనిషే ఇప్పుడు
మా కళ్ళముందు ఆ మంచు కురిపించాడు.
"వైపరు ఒక్కటే పనిచేస్తోంది.
అటు ఊగితే దారి, ఇటు ఊగితే చీకటి.
వెనక సీట్లో ఓటియా
వణుకుతూ తన కోటు విప్పి
తోలేవాడి భుజాల మీద కప్పుతున్నాడు."

వాజా దగ్గర రాబట్టాడో, అల్లాడో.
ఓటియా అంటే అదే.
ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు,
ఏ కాటా మీద తూచాడో!
నలభై రోజులు గడ్డకట్టిన ఏడుపు
నాకు అప్పుడొచ్చింది.

వాజా వైపు చూశాను.
తన రాత్రిని ఇంకొకడి నోట విని
బల్లగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.
ఆ కోటు నిజమేనా అని అడగబోయి
మానేశాను.

వంటింట్లో లామారా అంది:
"తలుపు తీయనివాడి మాటకి ఏడ్చావేంటమ్మా?"
చాలాసేపు ఒకే పళ్ళెం కడిగాను.
"మనిషి తలుపులన్నీ ఒకేసారి మూసుకోడు" అని
చెప్పడానికి నోరు తెరిచాను.
జుంబర్ అనే మాటలా అనిపించింది.
ఊరుకున్నాను.

తర్వాతెప్పుడో తీగలు కత్తిరిస్తూ చెప్పాను:
ఈ ఏడు మన కాటా మనమే పట్టుకెళ్దాం.
నేను పోయాక మాట్లాడ్డానికి మాత్రం
జుంబర్‌నే పిలవండి.
పోకముందు, ఏ అర్ధరాత్రో అయితే,
వాజా ఇంటికెళ్ళు.
గట్టిగా కొట్టక్కర్లేదు.