పలకల బాట

రాత్రి పన్నెండు గంటల పాటు
విర్వే చెవి ఊరందరిదీ.
అంటుకున్న వంటగది,
మెట్ల మీంచి జారిన ముసలాయన,
ఊపిరాడని పసివాడి తల్లి,
అందరూ ముందు ఆ చెవిలోకే పరుగెత్తుకొస్తారు.
"ఎక్కడున్నారు? తలుపు తీసి ఉందా? నేను లైన్లోనే ఉన్నాను."
ఈ మూడు మాటలూ ఆమె నాలుక మీద
గుమ్మం రాయిలా అరిగి నున్నబడ్డాయి.

అంబులెన్సు చేరాక ఏమైందో
ఎవరూ ఆమెకు చెప్పరు.
కథలన్నీ సగంలో తెగుతాయి.
సగం కథలు కడుపులో ఉన్నవాళ్ళకి
నిద్ర ఒక పట్టాన రాదు.

అందుకని ఉదయం ఏడున్నరకి
ఇంటికెళ్ళే బస్సు వదిలేసి
ఊబినేల వైపు వెళ్ళే బస్సెక్కుతుంది.
డాక్టరు చెప్పలేదు, పుస్తకంలో చదవలేదు.
ఒకరోజు నిద్రమత్తులో తప్పు బస్సెక్కింది, అంతే.
తార్తు దాటాక నలభై నిమిషాలు.

ఆ నేల నేల కాదు.
వేల ఏళ్ళుగా నీళ్ళు తాగి ఉబ్బిన నాచు పరుపు.
కాలు పెడితే మోకాలిదాకా మింగుతుంది.
అందుకే దాని మీద రెండు పలకల వెడల్పున
చెక్కబాట పరిచారు.
ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే,
పక్కపక్కన నడిచే వీల్లేదు.
కబుర్లకి చోటులేని దారి.
గొంతు అమ్ముకుని బతికే మనిషికి
అంతకంటే ఏం కావాలి?

మొదటి వంద పలకలూ ఆమె నడవదు,
ఆమె కాళ్ళతో రాత్రి నడుస్తుంది.
బూట్లు టకటకమంటాయి:
ఎక్కడున్నారు, ఎక్కడున్నారు.

తర్వాత ఎక్కడో
(చూపించమంటే చూపించలేదు)
అడుగు నెమ్మదిస్తుంది.
పలక కింద నీళ్ళు గుబుక్కుమంటాయి.
నూరేళ్ళు దాటిన పైన్ చెట్టు
ఆమె భుజం ఎత్తు కూడా లేదు.
ఎదగలేదన్న బెంగ
దాని ఒక్క సూదాకులోనూ కనపడదు.

సెప్టెంబరు. క్రాన్‌బెర్రీలు ఎర్రబడే కాలం.
పొడుగు రబ్బరు బూట్ల ఎండెల్ తాత
బాట దిగి, నాచులో నడుం వంచి
ఒక్కో పండూ గిల్లి బకెట్లో వేస్తున్నాడు.
మూడేళ్ళుగా ఎదురుపడుతున్నారు.
మూడేళ్ళలో ఆయన అన్నవి పదకొండు మాటలు.
అక్కడివాళ్ళ లెక్కలో
అది గట్టి స్నేహమే.
ఇవాళ ఆమె దోసిట్లో పిడికెడు పళ్ళు పోశాడు.
"పులుపు," అన్నాడు.
పన్నెండు.

కొరకగానే దవడలు జివ్వుమన్నాయి.
కళ్ళ వెంట నీళ్ళు.
పులుపుకే అనుకున్నారిద్దరూ.
అలా అనుకోవడమే మర్యాద.

రాత్రి రెండింటికి ఒక ఫోను వచ్చింది.
మాట లేదు. ఊపిరి ఒక్కటే.
కాసేపటికి అదీ లేదు.
నేను లైన్లోనే ఉన్నాను, నేను లైన్లోనే ఉన్నాను,
ఎవరికి చెప్పిందో తెలీదు.
ఆ నిశ్శబ్దాన్ని చెవిలో పెట్టుకునే
ఇంత దూరం తెచ్చింది.

ఇక్కడా నిశ్శబ్దమే.
కానీ ఇది ఎవరో ఆగిపోయింది కాదు,
ఎవరూ తొందరపడనిది.
దూరంగా కొంగలు ఎగిరిపోతూ అరిస్తే
చిరిగినట్టే చిరిగి, మళ్ళీ అతుక్కునేది.

రాత్రిది కరగలేదు.
కరుగుతుందని ఆమె రాలేదు.
చంటిబిడ్డని ఈ చంక నుంచి
ఆ చంకకి మార్చుకున్నట్టు.
బిడ్డ బరువేం తగ్గదు.
నడక మాత్రం సాగుతుంది.

తిరుగు బస్సులో
కిటికీకి తల ఆనగానే నిద్ర పట్టేసింది.
ఆమె దిగే చోట డ్రైవరు రైమో హారన్ కొట్టడు,
పిలవడు కూడా.
ఇంజన్ ఆపి, వెనక్కి చూడకుండా
ఊరికే కూచుంటాడు.
ఎవరూ విసుక్కోలేదు.
ఒకావిడ అల్లిక తీసింది.

"ఎక్కడున్నాం?" అంది విర్వే, కళ్ళు నులుముకుంటూ.
ఎన్ని వేలసార్లు అడిగిందో జన్మలో ఆ ప్రశ్న,
జవాబు కోసం గుండె దడలేకుండా అడగడం
ఇదే మొదలు.

రైమో వీధి పేరు చెప్పాడు.
దిగుతూ పిడికిలి విప్పి చూసుకుంది.
ఇంకో పండు మిగిలే ఉంది.